లాడం లేని గుర్రానికి గిట్టలు దిద్దుకోవడం

మా గుర్రం లక్ష్మికి లాడాలు లేవు. మొయినాబాద్ అవతల మట్టిదారుల్లో హాయిగా తిరుగుతుంది. అది చూసి మీ గుర్రానికీ రేపే లాడాలు పీకించేయకండి. పొద్దస్తమానం తారు రోడ్డు మీద బండి లాగే గుర్రానికి, పెళ్లి ఊరేగింపులకు వెళ్లే గుర్రానికి లాడం ఉండాల్సిందే. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తారు అంతకంటే ఎక్కువే అరగదీస్తుంది. మట్టిలో స్వారీ చేసేవాళ్ల కోసమే ఈ మాటలు.

మొదటిసారి నాల్‌బంద్ (లాడాలు కొట్టి, గిట్టలు దిద్దే పనివాడు) చేతే దిద్దించి, పక్కన నిలబడి చూడండి. ఆ తర్వాత కూడా 4 నుంచి 6 వారాలకోసారి ఆయన్ని పిలవాలి. మధ్యలో మీరు ఆకురాయి ఆడిస్తే చాలు. కావలసినవి హూఫ్ పిక్ (గిట్టలో మట్టి గీకే కొక్కెం), గిట్టలకు వాడే పెద్ద ఆకురాయి, తోలు గ్లౌజులు. కత్తి కొనొద్దు. చేతిలో కత్తి ఉంటే ఏదో ఒకటి చెక్కబుద్ధవుతుంది.

భుజం పక్కన నిలబడి, మీ ముఖం తోకవైపు పెట్టండి. చెయ్యి భుజం మీంచి కిందికి జారుస్తూ, కాలి వెనక ఉబ్బుగా తగిలే స్నాయువును (టెండన్) మెల్లగా నొక్కితే కాలు ఎత్తుతుంది. ముందుకాలైతే మీ మోకాళ్ల మధ్య పట్టుకోవచ్చు. వెనక్కాలు దిద్దేటప్పుడు సరిగ్గా గుర్రం వెనక మాత్రం నిలబడకండి. ఎండాకాలంలో గిట్ట రాయిలా బిగుసుకుని ఆకురాయి జారిపోతుంది. నీళ్లతొట్టి దగ్గర నేల తడిపి, అరగంట ఆ బురదలో నిలబెట్టి మొదలుపెట్టండి.

పిక్‌తో మడమ నుంచి మొనవైపు గీస్తూ మట్టి తీసేయండి. ఇప్పుడు అంచున గోడ, దాని లోపల లేత పసుపు గీత, ఆ తర్వాత అరికాలు, నడుమ త్రికోణంలో, రబ్బరులా ఉండే ఫ్రాగ్ కనిపిస్తాయి. నా కన్ను ముందు ఆ గీత మీదికే పోతుంది. సన్నగా, బిగువుగా ఉంటే మంచిది. వెడల్పయి, అందులో నల్లటి ఇసుక ఇరుక్కుని ఉంటే గోడ, లోపలి ఎముక నుంచి విడివడుతోందని అర్థం.

దిద్దాల్సింది గోడను మాత్రమే. అరికాలి కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తు వదిలి, మిగతాది ఆకురాయితో తగ్గించండి. రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని మడమవైపు నుంచి కన్ను ఆనించి చూడండి. తర్వాత కాలు ముందుకు చాపి, బయటి అంచును చుట్టూ ఏటవాలుగా గుండ్రం చేయండి. మొన దగ్గర కాస్త ఎక్కువ. పదును అంచు వదిలేస్తే రాయి తగిలి పెచ్చులూడుతుంది, మొన పొడుగైతే అడుగు ఎత్తే ప్రతిసారీ ఆ స్నాయువు మీద బరువు పడుతుంది. అరికాలు తెల్లగా మెరిస్తేనే పని అయినట్టని కొందరి నమ్మకం. ఆ గరుకు పొరే గుర్రానికి చెప్పు, దాన్ని ముట్టుకోకండి. ఫ్రాగ్‌కు వేలాడే పీలికలుంటే అవే తీయండి.

వానాకాలంలో ఫ్రాగ్‌కు ఇరుపక్కల గాడుల్లో నల్లటి జిగురు, ముక్కు మూసుకునేంత కంపు వస్తే అది థ్రష్, అంటే ఫ్రాగ్ కుళ్లే జబ్బు. బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాక నీళ్లు కలిపిన బెటాడిన్‌లో దూది తడిపి గాడి అడుగుదాకా పెట్టండి. కొందరు మైలుతుత్తం పొడి చల్లుతారు, పచ్చి మాంసం బయటపడి ఉంటే అది కాల్చేస్తుంది. అసలు రోగం గుర్రం కింద పరిచిన, మూత్రంతో తడిసిన పక్కలో ఉంది. అది మార్చకపోతే ఎన్ని సీసాలు పోసినా లాభం లేదు.

ఇక దాణా. ముద్దుకొద్దీ శనగలు, బార్లీ బక్కెట్లకొద్దీ పెట్టేవాళ్లున్నారు. పిండి పదార్థం మితిమీరితే లామినైటిస్, అంటే గిట్ట లోపలి వాపు, వస్తుంది. గిట్ట వేడెక్కుతుంది. గుర్రం ముందుకాళ్లు చాపి, బరువు వెనక్కి వేసి నిలబడుతుంది. గిట్టకు పైన, చీలమండ వెనక వేలు పెడితే మామూలుగా లీలగా తగిలే నాడి దడదడ కొట్టుకుంటుంది. అప్పుడు ఆకురాయి కింద పడేసి పశువైద్యుడికి ఫోన్ చేయండి.

మేకులతో లాడాలు కొట్టడం ఇంకా రాని కాలంలో, 2,400 ఏళ్ల కిందట, గ్రీకు సేనాని జెనోఫన్ లాయం బయట నాలుగైదు బళ్ల గుండ్రని రాళ్లు పరిచి, గుర్రాన్ని వాటి మీద నిలబెట్టమన్నాడు. నీళ్లతొట్టి చుట్టూ నేనూ అలాగే పోయించాను. నీళ్లకు వచ్చినప్పుడల్లా గిట్టకు పని పడుతుంది, నా ఆకురాయికి పని తగ్గుతుంది. పరిచేవి వాగు గులకరాళ్లే అయ్యుండాలి. లారీవాడికి గట్టిగా చెప్పకపోతే 20 ఎంఎం క్రషర్ కంకర దింపేసి పోతాడు, అది గిట్టలో గుచ్చుకుంటుంది.