తరగతిలో సహాయకులుగా చేరేవారికి – 4వ పాఠం: చెప్పెయ్యకుండా సాయం చెయ్యడం

పోయిన పాఠంలో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చోమన్నాను. కూర్చున్నారు. పిల్లవాడు తడబడగానే జవాబు అందించేశారు. ఇప్పుడు వాడు పుస్తకం మానేసి మీ మొహం చూస్తున్నాడని అందరూ రాశారు. అందుకే బోధన సామగ్రి పాఠాన్ని వెనక్కి జరిపి ముందు ఇది చెబుతున్నాను. వేళకు రావడం, ఫోను సంచిలో పడెయ్యడం లాంటివి మీకు తెలిసినవే.

సాయానికి ఐదు మెట్లున్నాయి: ఊరుకోవడం, "తర్వాతేం చెయ్యాలి?" అని కదపడం, ఆనవాలు ఇవ్వడం, వేరే ఉదాహరణ మీద చేసి చూపడం, చివరికి చెప్పెయ్యడం. ఎప్పుడూ కింది మెట్టు నుంచే ఎక్కాలి. మొదటిదే అన్నిటికన్నా కష్టం. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు ఆగేది సగటున ఒక్క సెకనేనని 1970ల్లో అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తేల్చారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, నోరు మెదపనివాళ్లు తగ్గారు. చదివించేటప్పుడు నేనైతే ఐదు సెకన్లంటాను. మనసులో లెక్కపెట్టుకోండి.

మూడో తరగతి పిల్ల "గోదావరి"ని "గోదారి" అని చదివిందనుకోండి. తప్పనకండి, ఇంట్లో, రేవులో అనేది అదే. అయితే ఆ పిల్ల అక్షరాలు చూడలేదు, మాటను గుర్తుపట్టి దాటేసింది. "వ" కింద వేలుపెట్టి ఊరుకోండి. "కొబ్బరి"ని "కొబరి" అంటే పెన్సిలు మొన బ వత్తు కింద ఉంచండి. బొమ్మ చూసి "కొబ్బరికాయ" అనేస్తే అరచేత్తో బొమ్మ మూసి, మళ్లీ చదవమనండి.

లెక్కల్లో 52 లోంచి 27 తీసేస్తే 35 అని రాస్తారు. 2 లోంచి 7 పోదు గనక 7 లోంచి 2 తీసేస్తారు. "ఎలా చేశావో చెప్పమ్మా" అని ముందు అడగండి. అప్పటికీ తెలియకపోతే కొబ్బరి ఈనెలు తియ్యండి. వేలెడు ముక్కలుగా కోసి, పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసి ఉంచుకోవాలి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి "ఏడు ఇవ్వు" అనండి. చాలవు. కట్ట విప్పాలని వాడికే తోచాలి, మీ చెయ్యి రబ్బరుబ్యాండు మీదికి పోకూడదు. విప్పాక విడివి పన్నెండు; ఏడు ఇస్తే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు ఇస్తే రెండు. 25.

ఇక పిల్లల నోటుపుస్తకంలో మీరు రాసెయ్యడం. దీన్ని నేను అస్సలు ఒప్పుకోను. గంట కొట్టేలోపు పేజీ నిండాలని తొందర, ఖాళీ ఉంటే తల్లిదండ్రులు అడుగుతారని భయం. కానీ నిండిన పేజీ చూసి టీచరుగారు పిల్లవాడికి పాఠం వచ్చేసిందనుకుని తర్వాతి పాఠానికి పోతారు. పిల్లవాడికి రాలేదన్న సంగతి పరీక్షదాకా ఎవరికీ తెలీదు. సగం రాసిన పేజీ ఆవిడకు ఉన్నదున్నట్టు చెబుతుంది. చెయ్యి పట్టుకుని రాయించడమూ అంతే: పెన్సిలు కదిలేది మీ బలంతో. చూపాలంటే మీ పలక మీద వేరే లెక్క వేసి చూపండి, చెరిపెయ్యండి, అప్పుడు వాడి పుస్తకంలో వాణ్ణి చెయ్యనివ్వండి. చిన్న పిల్లలకైనా పలక మీద పెద్దగా రాసిచ్చి వేలితో దిద్దించండి, మణికట్టు పట్టుకోకండి.

పీరియడు అయ్యాక చిన్న కాగితం మీద పేరు, ఎక్కడ ఆగారు, ఏ మెట్టు దాకా వెళ్లాల్సి వచ్చింది రాసి టీచరుగారికివ్వండి. "52–27, నాలుగో మెట్టు" చాలు. పిల్లల ముందు మాత్రం నోటితో చెప్పకండి.

అభ్యాసం: మూడో తరగతి తెలుగు వాచకంలోంచి వత్తులున్న మాటలు ఇరవై ఏరండి. ఒక్కొక్కదానికి, ఆ మాట పలకకుండా ఇవ్వగల ఆనవాళ్లు మూడేసి రాయండి. అరవైలో "మొదటి అక్షరం ఇది" అనే రకం ఐదుకు మించితే మళ్లీ రాయాలి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, సామగ్రి తయారీ దానిమీదే మొదలెడతాం.