మిలిటరీ ట్రైలర్ కొన్నారా? రంగు కంటే ముందు హబ్ విప్పండి

వేలంలో వచ్చిన పాత మిలిటరీ జీపు ట్రైలర్‌ని క్యాంపింగ్‌కి సిద్ధం చేసుకుంటున్నవాళ్ళు ముందే రంగు డబ్బా కొనకండి. చక్రాలు విప్పి హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) తెరిచి చూడండి. ఏళ్ళ తరబడి కదలని బండిలో గ్రీజు లక్కలా గట్టిపడిపోతుంది. మాదాంట్లో స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అదంతా కిరోసిన్‌తో కడిగి, బేరింగు రోలర్ల మీద నీలం మచ్చ గానీ చిన్న గుంట గానీ కనిపిస్తే బేరింగు మార్చేయండి. గ్రీజు కారకుండా ఆపే సీలు ఎలాగూ కొత్తదే వెయ్యాలి.

బిగించేటప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పుతూ హబ్ నట్టు బిగించి, తర్వాత కాస్త వదులు చేసి, అది ఊడకుండా ఆపే కాటర్ పిన్ కొత్తది పెట్టండి. అరకు దారిలో ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కకముందే ఒక 15 కిలోమీటర్లు నడిపి, ఆగి, హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే బిగువు ఎక్కువైనట్టే, అక్కడే సరిచేసుకోండి.

నీళ్ళ డబ్బాలు ఇరుసుకి కాస్త ముందుకి సర్దండి. మొత్తం 500 కిలోలుంటే సుమారు 50 కిలోలు బండికి తగిలించే కొక్కెం మీద పడాలి. బరువంతా వెనక వేస్తే ఘాట్ దిగేటప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోతుంది, అది నిజంగా ప్రాణం మీదకొస్తుంది.

కళింగపట్నం సముద్రపు ఒడ్డున ఒక్క రాత్రి ఉన్నా సరే, ఇంటికి రాగానే అడుగుభాగం మంచినీళ్ళతో కడగండి. తొట్టి అడుగున నీళ్ళు పోయే కన్నాలు ఇసుకతో మూసుకుపోతాయి, పుల్లతో పొడిచి తెరవండి. తుప్పు మొదలయ్యేది ఆ మూలల్లోనే.