గాలివాన రాకముందే మీ ఆటో నెట్‌వర్క్‌కు హద్దు రాసి పెట్టండి

విజయనగరం దగ్గర ఒక కాలేజీలో పోయిన నెల జరిగిన సంగతి. మెయిన్ బ్లాక్‌కీ, రోడ్డు అవతలున్న హాస్టల్‌కీ మధ్య ఫైబర్ ఉంది. అది తెగితే ఆదుకోవడానికి రెండు మేడల మీదా వైర్‌లెస్ లింకు పెట్టారు. మొత్తం ఆటోలో నడుస్తోంది, అంటే మనిషి చెప్పకుండానే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు మార్చుకుంటుంది. వానరాత్రి కొమ్మ విరిగి పడి ఫైబర్ తెగింది. వైర్‌లెస్ మాత్రం అందుకోలేదు. వైర్‌లెస్ రేడియో తగిలించిన పోర్టులో నెలల తరబడి ట్రాఫిక్ లేదని, కరెంటు ఆదా చేసే ఫంక్షన్ హాస్టల్ వైపు రేడియోకి ఎప్పుడో పవర్ తీసేసింది. బ్యాకప్ లింకులో ట్రాఫిక్ ఎందుకుంటుంది? హాస్టల్ స్విచ్‌లోకి (నెట్ తీగలన్నీ కలిసే పెట్టె) లాగిన్ అయ్యే దారి కూడా ఆ రెండు లింకుల మీదే. తెల్లారాక ఒక కుర్రాడు లాప్‌టాప్, దాన్ని నేరుగా స్విచ్‌కి తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని బండి మీద వెళ్లి పోర్టు ఆన్ చేస్తే గానీ హాస్టల్‌కి నెట్ రాలేదు.

ఏ పరికరమూ చెడిపోలేదు. ఆదా చేసే ఫంక్షన్ తన లెక్క ప్రకారం సరిగ్గానే చేసింది. ఆ పోర్టు జోలికి పోవద్దని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మన తీరానికి ఇది ఆషామాషీ విషయం కాదు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. మూడూ దసరాకు మూడు వారాల లోపే, ముందో వెనకో. దసరా అంటే సిబ్బంది ఊళ్లకు పోయే రోజులు, విజయనగరంలో అయితే సిరిమానోత్సవం వారం కూడా. నెట్‌వర్క్‌ను దాని మానాన వదిలేసేది అప్పుడే.

యూపీఎస్ బ్యాటరీలు, జనరేటర్ డీజిల్, ఎర్తింగ్ గురించి నేను చెప్పను. అవి మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: హద్దు రాయకుండా ఆటో ఆన్ చెయ్యకండి. కాలేజీలు, ఆస్పత్రులు, కేబుల్ ఇంటర్నెట్ నడిపేవాళ్లు, ఎవరి దగ్గర చూసినా ఇదే తప్పు. "కంట్రోలర్ చూసుకుంటుందిలెండి" అంటారు. ఏం చూసుకుంటుంది? ఎక్కడిదాకా? ఆ రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబుండదు.

తమను తాము చూసుకునే నెట్‌వర్క్‌లకు ప్రమాణాలు రాద్దామనుకున్నవాళ్లు కూడా మొదట కుస్తీ పట్టింది హద్దుతోనే. 2001లో ఐబీఎం ఈ ఆలోచనను ముందుకు తెచ్చినప్పుడు నాలుగు ఆశలు పెట్టుకున్నారు: తానే అమర్చుకోవాలి, తానే బాగుచేసుకోవాలి, తానే మెరుగుపరుచుకోవాలి, తానే కాపాడుకోవాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో 2014లో ఈ పని కోసం అనిమా బృందం మొదలైనప్పుడు అవన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోలేదు. నిపుణులు నడిపే నెట్‌వర్క్‌లకే పరిమితం అన్నారు, ఇళ్ల నెట్‌వర్క్‌లను పక్కన పెట్టారు. పరికరాలు ఒకదాన్నొకటి కనుక్కోవడం, మాట్లాడుకుని ఒప్పందానికి రావడం, కొత్త పరికరాన్ని నమ్మకంగా చేర్చుకోవడం, కాన్ఫిగరేషన్ (సెట్టింగులు) తప్పినా తెగని ఒక భద్రమైన దారి. ముందు ఈ పునాదులే. యజమాని తన ఉద్దేశం చెబితే నెట్‌వర్క్ అంతా దానికి తగ్గట్టు మారిపోవాలన్న పెద్ద కోరికను తర్వాతికి వాయిదా వేశారు. ప్రపంచంలో ఆరితేరినవాళ్లే అంత జాగ్రత్తగా గీత గీసుకుంటే, మన సర్వర్ రూములో ఆప్షన్లన్నిటికీ టిక్ పెట్టేసి ఇంటికి పోతాం.

కాబట్టి హద్దు కాగితం రాయండి. ఒక పేజీ చాలు.

ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు. ప్రతి ఆటో ఫంక్షన్‌కీ విడిగా రాయాలి. వైఫై ఛానెల్ మార్చుకోవచ్చు. ఖాళీ క్లాసురూము పోర్టుకి రాత్రి పవర్ తీయొచ్చు. బ్యాకప్ లింకులు, ఐసీయూ పోర్టులు, నిఘా కెమెరాలు, జనరేటర్ గది స్విచ్ మాత్రం ముట్టుకోకూడదు. "అవసరమైతే" అన్న మాట రాయకండి, అది హద్దు కాదు.

ఇద్దరికీ పడకపోతే ఎవరి మాట చెల్లుతుంది. ఒక ఫంక్షన్ ఆదా చేయమంటుంది, ఇంకొకటి దారి తెరిచి ఉంచమంటుంది. రెండూ ఒకే పోర్టు మీద పోట్లాడుకుంటే? 2015లో వచ్చిన ఐఈటీఎఫ్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7575 కూడా ఆటో పద్ధతి, పాత పద్ధతి కలిసి బతకాలనే అంటుంది. మనిషి ఒక పరికరానికి ప్రత్యేకంగా ఇచ్చిన ఆజ్ఞే పైది కావాలి. మీ కంట్రోలర్‌లో అలాగే ఉందో లేదో ఒక పోర్టు మీద పరీక్షించి చూడండి. మీరు చేత్తో పెట్టిన సెట్టింగ్‌ను రాత్రికి రాత్రి చెరిపేసే కంట్రోలర్లు ఉన్నాయి.

లోపలికి వెళ్లే దారి. నెట్‌వర్క్‌ను సరిచేసే దారి అదే నెట్‌వర్క్ మీద ఉండకూడదు. ఫేస్‌బుక్‌కి 2021 అక్టోబర్ 4న ఇదే దెబ్బ తగిలింది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ మొత్తాన్ని తెంచేసింది. అలాంటి కమాండ్‌ను ఆపాల్సిన టూల్‌లోనే బగ్ ఉంది. ఇంజినీర్లు డేటా సెంటర్లకు నేరుగా వెళ్లాల్సి వచ్చింది. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం కంపెనీ నెట్‌వర్క్ పడిపోయినప్పుడూ మేనేజ్‌మెంట్ దారి అదే కోర్ (నడిమి నెట్‌వర్క్) మీద ఉంది. వాళ్ల కాన్ఫిగరేషన్ తప్పు వేరు, మన కొమ్మ వేరు. చేతులు కట్టేసుకున్న తీరు ఒక్కటే. అనిమా వాళ్లు ఆర్‌ఎఫ్‌సీ 8994లో ఆ దారిని విడిగా, ఎన్‌క్రిప్షన్‌తో కట్టింది ఇందుకే. అయితే అది కాన్ఫిగరేషన్ తప్పుల నుంచి కాపాడుతుంది, తెగిన తీగ నుంచి కాదు. మీకు రెండో తీగో, 4జీ సిమ్మో విడిగా ఉండాల్సిందే.

ఇక మిగిలినవి.

తుపాను హెచ్చరిక రాగానే ఆదా, ఆప్టిమైజ్ ఫంక్షన్లు ఆపేయండి. ఆటో రిపేర్‌కి లెక్క పెట్టండి: ఇన్నిసార్లు రీస్టార్ట్ చేసి ఆగాలి. కరెంటు వచ్చిపోతూ ఉంటే అది స్విచ్‌ను తెల్లవార్లూ రీస్టార్ట్ చేస్తూనే ఉంటుంది.

తుపానులో కొత్త స్విచ్ దానంతటదే చేరిపోతుందని నమ్మకండి. ఆర్‌ఎఫ్‌సీ 8995 పద్ధతిలో చేరే పరికరానికి తయారీదారు సర్వర్ నుంచి వోచర్ (చేర్చుకోవడానికి డిజిటల్ అనుమతి పత్రం) రావాలి. నెట్ లేని రోజు వోచర్ ఎక్కడినుంచి వస్తుంది? ఆఫ్‌లైన్ వోచర్లు ముందే తెప్పించుకోండి.

పరికరాల సర్టిఫికెట్ల (డిజిటల్ గుర్తింపు పత్రాలు) గడువు చూడండి. నవంబర్ లోపు అయిపోయేవి ఇప్పుడే రెన్యూ చెయ్యండి.

గడియారం బ్యాటరీ చచ్చిన పరికరం కరెంటు వచ్చాక పాత తేదీతో లేస్తుంది. సర్టిఫికెట్‌ను ఒప్పుకోదు. టైం సర్వర్ ఒకటి ఆవరణలోనే ఉండాలి.

కన్సోల్ కేబుల్ ప్రతి బ్లాక్‌లోనూ ఒకటి. పాస్‌వర్డ్ కాగితం సీలు కవర్లో, ఇద్దరి దగ్గర.

హద్దు కాగితం సర్వర్ రూము తలుపు లోపలివైపు అతికించండి. కంట్రోలర్‌లో పీడీఎఫ్‌గా దాచకండి, అది తెరుచుకోని రోజునే మీకు కావాలి.

సెలవులకు ముందు పగటిపూట, అందరూ ఉండగా, ఫైబర్ చేత్తో పీకి చూడండి. బ్యాకప్ ఎక్కిందా? స్విచ్‌లోకి లాగిన్ అవ్వగలిగారా? ఆటో ఏమేం మార్చిందో లాగ్ తీసి, కాగితం పక్కన పెట్టి చదవండి. కాగితంలో లేని పని ఒక్కటి చేసినా ఆ ఫంక్షన్ ఆపేయండి. వెండర్ ఏం చెప్పినా సరే.