ఊరి ఆటల సంఘానికి ప్రభుత్వ నిధులు రావాలంటే ఏం చేయాలి?

చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెట్టాలంటే ఏం చేస్తారో తెలిసిందే. నలుగురు పిల్లకాయలు రసీదు పుస్తకం పట్టుకుని, గంగజాతరకు ఎత్తినట్టే చందా ఎత్తుతారు. షీల్డులు కొనగా మిగిలిన చిల్లర ఎవరి జేబులో ఉందో ఎవరూ అడగరు. ప్రభుత్వ నిధుల దగ్గర ఈ పద్ధతి చెల్లదు. ఎంత బాగా ఆడినా ఉత్త జట్టుకు గ్రాంటు రాదు, చట్టబద్ధంగా నమోదైన సంస్థకే వస్తుంది.

కాబట్టి మొదటి పని రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు కలిస్తే చాలు. ఆ చట్టం ఒప్పుకునే ఆశయాల్లో క్రీడలు ఉన్నాయి, అదృష్టం మీద ఆడేవి తప్ప. (పేకాట క్లబ్బు పెట్టాలనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.) ఆశయాల పత్రం, బైలా (సంఘం నియమావళి), సభ్యుల గుర్తింపు, సంఘం చిరునామా రుజువు తీసుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.

బైలాను పక్క సంఘం దగ్గర్నుంచి జిరాక్సు తీసి పేరు మార్చి ఇచ్చేస్తుంటారు. అది వద్దు. రెండు మాటలు తప్పకుండా ఉండాలి: వచ్చిన ఆదాయాన్ని సభ్యులు పంచుకోరని ఒకటి, సంఘం రద్దయితే ఆస్తి అలాంటి ఆశయాలున్న మరో సంఘానికే పోతుందని రెండోది. రేపు ఆదాయపు పన్ను వాళ్లు 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (చందా ఇచ్చినవాళ్లకు పన్ను రాయితీ) ఇచ్చేముందు చూసేది వీటినే. పాత సంఘాలవాళ్లు చిరునామా కూడా ఒకసారి చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది, మీ కాగితాల్లో ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉందేమో. దరఖాస్తులో ఒక జిల్లా, సర్టిఫికెట్‌లో ఇంకో జిల్లా ఉంటే గుమస్తాకు ఫైలు పక్కన పెట్టడానికి అంతకన్నా సాకు అక్కర్లేదు.

తర్వాత సంఘం పేరుతో పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకోవాలి. కెప్టెన్ సొంత ఖాతా వాడొద్దు. మా జట్టు అలాగే చేసింది. ప్రైజు డబ్బు ఆయన ట్రాక్టరు కంతుకు జమైపోయింది, పాపం ఆయనకు తెలిసి జరిగింది కాదు. ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు బయటికొచ్చేలా ఖాతా తెరవండి. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు మీద ఆశ ఉంటే నీతి ఆయోగ్ వారి స్వచ్ఛంద సంస్థల పోర్టల్ ఎన్జీఓ దర్పణ్‌లో నమోదై నంబరు తెచ్చుకోండి. దానికి ఫీజు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. చాలా చోట్ల అడిగేది మూడేళ్ల అనుభవం. ప్రభుత్వమే కాదు, కంపెనీల సీఎస్ఆర్ డబ్బు (సామాజిక బాధ్యత కింద కంపెనీలు ఖర్చు పెట్టేది) బయటి సంఘానికి రావాలన్నా 12ఏ, 80జీతో పాటు కనీసం మూడేళ్లు పనిచేసిన రికార్డు ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు పొందాలి. గ్రామీణ క్రీడల శిక్షణకు ఖర్చు పెట్టొచ్చని 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులోనే ఉంది. శ్రీసిటీలో అన్ని ఫ్యాక్టరీలు ఉన్న జిల్లా మనది, అయినా ఈ తలుపు తట్టే సంఘాలు తక్కువ. ఆ మూడేళ్లూ మీరు గ్రౌండులో ఆడిన రోజు నుంచి కాదు, కాగితం మీద పుట్టిన రోజు నుంచి లెక్క. డబ్బు అవసరమైనప్పుడు రిజిస్టరు చేసుకుందాం అనుకుంటే మూడేళ్లు ఆలస్యమైనట్టే.

ఎక్కడ ఏం అడగాలో తెలియక తిరిగేవాళ్లే ఎక్కువ. కోచింగ్, మైదానం వాడకం లాంటివాటికి జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని కలవండి. ఆట కోర్టు, గ్యాలరీ లాంటి శాశ్వత నిర్మాణానికి ఎంపీ నిధులు అడగొచ్చు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. బంతులకూ బూట్లకూ ఆ నిధిని నమ్ముకోవద్దు. పిల్లల సర్టిఫికెట్లకు విలువ ఉండాలంటే ఆ ఆట జిల్లా అసోసియేషన్‌కు అనుబంధం కావాలి. డబ్బు తేకపోయినా రేపు స్పోర్ట్స్ కోటా సీటు దగ్గర అక్కరకొచ్చేది ఆ అనుబంధమే.

గ్రాంటు వచ్చాక పని మొదలవుతుంది. ఏ పనికి ఇచ్చారో ఆ పనికే ఖర్చు పెట్టి, వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. కేంద్ర గ్రాంటైతే ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇచ్చేయాలి. ఖాతాలో ఊరికే ఉన్న డబ్బుకు వచ్చిన వడ్డీ కూడా గ్రాంటు ఇచ్చినవాళ్లదే, లెక్క చూపాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు అందించండి. కొన్న నెట్టుకూ మ్యాటుకూ బిల్లు దాచి, స్టాకు రిజిస్టరులో రాసుకోండి. చిరిగిపోయిన నెట్టయినా సరే, తీసేసినట్టు తీర్మానం రాసుకునే దాకా పారేయకండి.