గార్గనీనా, కామన్ టీలా? చలికాలపు చిన్న బాతుల్ని గుర్తుపట్టే పద్ధతి

చలికాలంలో మన చెరువుల మీద దిగే చిన్న గోధుమరంగు బాతుల్లో గార్గనీలే ఎక్కువ. దాంతో గుంపులో ఉన్న నాలుగైదు కామన్ టీళ్లు కూడా గార్గనీల లెక్కలో కలిసిపోతాయి. కొల్లేరైనా పులికాట్ అయినా, ఊరి చెరువైనా ఇదే పొరపాటు.

రంగులొచ్చిన మగవాటితో చిక్కు లేదు. మగ గార్గనీకి వంకీ తిరిగిన తెల్లటి కనుబొమ్మ ఉంటుంది. మగ టీల్‌కి ఇటుకరంగు తల మీద ఆకుపచ్చ పట్టీ, తోక కింద పసుపు మచ్చ. అసలు చిక్కు ఆడవాటితోనే. పైగా మగ గార్గనీ చలికాలంలో చాలా కాలం ఆడదాని రంగులోనే ఉంటుంది. డిసెంబరులో గుంపును చూసి ‘అన్నీ ఆడవే’ అని రాసుకుంటే తప్పే.

సైజును నమ్మవద్దు. గార్గనీ 37–41 సెం.మీ., టీల్ 34–38 సెం.మీ. రెండూ పక్కపక్కన ఉంటే తప్ప ఈ తేడా కంటికి ఆనదు. ఒంటి రంగూ అంతే, సాయంత్రపు ఎండలో రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. పొద్దున తూర్పు గట్టున, సాయంత్రం పడమటి గట్టున నిలబడితే ఎండ మన వీపు మీద పడుతుంది. 8×42 బైనాక్యులర్స్ సరిపోతాయి. ఎండెక్కాక నీటి మీద గాలి అలలాడి ముఖంలోని గీతలు చెదిరిపోతాయి కాబట్టి పెందలాడే చూడాలి.

మొదట ముఖం. ఆడ గార్గనీ ముఖం చారలుగా ఉంటుంది: కంటి గుండా ముదురు గీత, దాని మీద లేత కనుబొమ్మ, చెంప మీద ఇంకో ముదురు గీత. ముక్కు మొదట్లో లేత మచ్చ, గొంతు తెలుపు. టీల్ ముఖం సాదాగా ఉంటుంది, కంటి గీత ఒక్కటే కాస్త తెలుస్తుంది. అయితే కొన్ని టీళ్లకూ చెంప మీద మసక గీత ఉంటుంది. అందుకని ముఖం ఒక్కటే చూసి తేల్చకూడదు.

తర్వాత తోక పక్క. టీల్‌కి తోక మొదట్లో, పక్కగా, సన్నగా పొడుగ్గా ఒక లేత గీత ఉంటుంది. గార్గనీకి అలా కొట్టొచ్చినట్టు కనిపించే గీత ఉండదు. మధ్యాహ్నం తల రెక్కలో దాచుకుని నిద్రపోయే బాతుల్ని తేల్చడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

ముక్కు మూడోది. గార్గనీది కాస్త పొడుగు, అంతా బూడిదరంగు. టీల్‌ది చిన్నది, మొదట్లో తరచూ పసుపు ఛాయ ఉంటుంది. బురదలో మేస్తున్నప్పుడు ఆ పసుపు కనపడదు, కడుక్కునే దాకా ఆగాలి.

అనుమానం తీరకపోతే రెక్క చూడాలి. గార్గనీ రెక్క మీది ముదురు పట్టీకి ముందూ వెనకా తెల్లటి గీతలు ఉంటాయి. వెనక గీత వెడల్పుగా, స్పష్టంగా కనిపిస్తుంది. టీల్‌కి ముందు గీతే వెడల్పు, వెనకది సన్నం. పట్టీలోని ఆకుపచ్చ మెరుపు వెలుగును బట్టి నల్లగా కూడా కనిపిస్తుంది, దాని మీద ఆధారపడవద్దు. ఆడదాని రంగులో ఉన్న మగ గార్గనీ కూడా ఇక్కడ దొరికిపోతుంది, రెక్క ముందు భాగం లేత నీలి బూడిదరంగులో ఉంటుంది. రెక్కలు విప్పించడం కోసం గుంపును లేపవద్దు. చెరువు మీదికి మార్ష్ హారియర్ అనే వేట పక్షి వస్తే వాటంతట అవే లేస్తాయి. 1/2000 సెకను వేగంతో వరసగా ఫొటోలు తీసి ఇంటికెళ్లాక నింపాదిగా చూసుకోవచ్చు. నీటి మీంచి దాదాపు నిటారుగా ఎగిరితే టీల్ కావచ్చు, కానీ అది ఊతం మాత్రమే.

కంటి గీత ఉంది కదా అని కాటన్ టీల్ అనే ఇంకో చిన్న బాతులో ఆడదాన్ని గార్గనీ అనుకునేవాళ్లూ ఉన్నారు. దాని ముక్కు పొట్టిగా, బొద్దుగా ఉంటుంది, ముఖం బాగా తెలుపు.

ఇన్ని చూసినా తేలని బాతును ‘టీల్ జాతి, తేలలేదు’ అని రాసి, ఏ గుర్తు కనపడలేదో పక్కనే నోట్ చేసుకోండి.