హాల్లో అక్వేరియం ఎలా అమర్చుకోవాలి?

ముందు చేపలు కొనేసి, ఆ నీళ్ల కవరు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాక తొట్టి ఎక్కడ పెట్టాలా అని వెతికిన బాపతు నేను. నెల్లూరులో మా ఇంట్లో టీవీ పక్కన చెక్కపొట్టు బోర్డుతో చేసిన బల్ల ఖాళీగా ఉంటే దానిమీద పెట్టేశాను. ఆరు నెలలకు ఓ పొద్దున చూస్తే నీళ్లు ఒక చివర పైఅంచును తాకుతున్నాయి, రెండో చివర రెండు వేళ్లు కిందికున్నాయి. బల్ల ఓ పక్కకి కుంగింది. మూలన గాజు పలకల్ని అతికించిన సిలికాన్ జిగురు వదిలి చెమ్మ మొదలైంది.

అందుకని మొదట బరువు లెక్క వేయండి. 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టిలో దాదాపు 127 లీటర్లు పడతాయి. నీళ్లే 127 కిలోలు! గాజు, గులకరాళ్లు కలిపితే 160 కిలోల దాకా వెళ్తుంది. ఇనుప యాంగిల్ స్టాండ్ చేయించండి. లేదా రెండు ఇటుక దిమ్మెల మీద గ్రానైట్ పలక పరిపించండి, గ్రానైట్ గనులున్న చీమకుర్తి మనకు దగ్గరేగా. బేల్దారి మేస్త్రీతో రసమట్టం పెట్టించి, తొట్టి కింద థర్మోకోల్ షీటు వేయండి.

తర్వాత చోటు. సోఫాలో కూర్చుంటే తొట్టి మధ్యభాగం కంటికి ఎదురుగా ఉండాలి. దానికి రెండున్నర, మూడడుగుల స్టాండ్ సరిపోతుంది. పడమటి కిటికీ ఎండ తగిలితే నీళ్లు కాగుతాయి, గాజుకి పచ్చగా పాచి పడుతుంది. వాస్తు ప్రకారం ఈశాన్యమే కావాలంటారా, సరే, అక్కడ కిటికీ ఉంటే మందం తెర వేయండి. హాలుకీ భోజనాల గదికీ మధ్య అడ్డంగా పెడితే రెండు వైపులా కనిపిస్తుంది. గోడకి ఆనిస్తే వెనక నల్ల షీటు అంటించండి, చేపల రంగు తేలుతుంది. పైన అడుగున్నర ఖాళీ తప్పనిసరి. కబోర్డులో ముచ్చటగా ఇరికించినవాళ్లు కడగడానికి చెయ్యి దూరక తిప్పలు పడతారు. ప్లగ్గు వైరు మాత్రం కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా ఉంచండి, కారిన చుక్క సాకెట్లోకి పోదు.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒకరోజు బకెట్లో తెరిచి ఉంచి పోయండి. ప్రకాశం పడమటి ఊళ్లలో బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. అలాంటి నీళ్లకి మోలీలు, గప్పీలు నయం. నీళ్లు పోసి ఫిల్టర్ నడిపినా వెంటనే చేపలన్నీ వదలకండి. అవి విసర్జించే అమ్మోనియా విషాన్ని హాని తక్కువయ్యేలా మార్చే బాక్టీరియా కుదురుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. రొయ్యల గుంటలు చేసేవాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలి.

రోహిణి కార్తెలోనే అసలు టెన్షన్. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మూత కొంచెం తీసి, నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి తగలనివ్వండి. ఎయిర్ పంపుని ఇన్వర్టర్‌కి కలపండి, అది తాగే కరెంటు ఎంతని!

చివరగా చేపలు. రెండు మూడింటితో మొదలుపెట్టి, లైటు ఆర్పి, కవరు విప్పకుండా పావుగంట నీళ్లపై తేలనిచ్చి, అప్పుడు వదలండి.