కదలని కెమెరాతో ప్రేక్షకుడికి గుబులు పుట్టించడం ఎలా?

భయపెట్టే సీన్ అనగానే చాలామంది కెమెరాను ఊపేస్తుంటారు. ఈసారి దాన్ని ఒకచోట పెట్టి అస్సలు కదపకుండా తీసి చూడండి. కెమెరా కదిలితే ఎటు చూడాలో అదే చెప్పేస్తుంది, కదలకపోతే ప్రేక్షకుడు తనే వెతుక్కోవాలి, టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ముందు ట్రైపాడ్ గట్టిగా బిగించి లెవెల్ సరిచూసుకోండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (దృశ్యం ఎంత వెలుగుగా కనిపించాలన్న సెట్టింగ్) లాక్ చేయండి, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి (ట్రైపాడ్ మీద అది ఆన్‌లో ఉంటే ఫ్రేమ్ ఒక్కోసారి తనంతట తనే కాస్త జరుగుతుంది).

ఇక ఫ్రేమింగ్, అసలు పనంతా ఇక్కడే ఉంది. వంటగదిలో ఒకామె మనకు వీపు పెట్టి గిన్నెలు కడుగుతోందనుకోండి. ఆమెను మధ్యలో ఉంచకుండా ఎడమ అంచుకు జరిపేయండి. మిగతాదంతా ఖాళీ గోడ, కుడి చివర సగం తెరిచిన తలుపు, దాని వెనక చీకటి. ఆ తలుపు గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడక్కర్లేదు, చూసేవాళ్ల కళ్లు వాటంతటవే అటు పోతాయి. దానికి క్లోజప్ మాత్రం దయచేసి వేయకండి.

ఆమె చేతులు తుడుచుకుని వెళ్లిపోయాక కూడా కట్ చెప్పకుండా ఖాళీ గదిని ఇంకో 10, 15 సెకన్లు అలాగే ఉంచండి. కాసేపటికి "ఇంకా ఎందుకు చూపిస్తున్నారు?" అన్న అనుమానం మొదలవుతుంది. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో ఇలాంటి షాట్‌నే బోర్ కొడుతుందేమోనన్న భయంతో 3 సెకన్లకే కోసేశాను, సీన్ మొత్తం చప్పబడిపోయింది. దర్శకుడు మైఖేల్ హానెకె 2005లో తీసిన 'కాషే' సినిమా మొదటి షాట్ చూడండి: వీధిలోంచి ఒక ఇంటిని అలా చూస్తూనే ఉంటాం, టైటిల్స్ పడుతుంటాయి, చాలాసేపటికి ఆ దృశ్యం రివైండ్ అవుతుంది. అప్పుడు తెలుస్తుంది, మనం ఇంతసేపూ చూసింది ఎవరో రహస్యంగా తీసిన వీడియో టేపని.

సంగీతం వేయకండి. ఎవరూ మాట్లాడకుండా ఆ గది శబ్దాన్ని ఒక నిమిషం విడిగా రికార్డ్ చేసి ఎడిటింగ్‌లో సీన్ పొడవునా నేపథ్యంలో ఉంచండి, దాని మీద ఫ్రేమ్ బయట ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు ఒక్కటి చాలు.

షూటింగ్ అయ్యాక ట్రైపాడ్ కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించి, ఎత్తు కూడా రాసి పెట్టుకోండి, మళ్లీ అదే ఫ్రేమ్ కావాలి కాబట్టి. సినిమాలో ఇంకో పది నిమిషాల తర్వాత ఆ వంటగదికే తిరిగి రండి. అవే గిన్నెలు, అదే వెలుగు. తలుపు మాత్రం ఒక జానెడు ఎక్కువ తెరుచుకుని ఉండాలి, పాత్రలెవరూ దాన్ని గమనించకూడదు.